గాటు కనబడని కట్లపాము కేసు: డాక్టర్ లేనప్పుడు నర్సు ఏది మొదలుపెట్టాలె?

పల్లెదవాఖాన_తాడ్వాయి
వానలు పడ్డయి, జనం మళ్లీ పొలాల్లో గుడిసెల్లో పడుకుంటున్నరు. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి వచ్చే ఒక రకం పేషెంట్ గురించి అడుగుతున్న. రాత్రి బాగానే తిని కింద చాప మీద పడుకున్నడు. నిద్రలకెల్లి లేచి కడుపునొప్పి, వాంతి అంటడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, పామును చూసినోళ్లు లేరు. బీపీ, పల్స్, శాచురేషన్ (రక్తంల ఆక్సిజన్) అన్నీ నార్మల్. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేది ఇక్కడే. ఇది కట్లపాము అని ఎంత తొందరగ పట్టొచ్చు? పట్టినంక ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్)గాని స్టాఫ్ నర్సుగాని ఏది మొదలుపెట్టాలె, ఏది ముట్టొద్దు? మాకు వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి అంటే రెండు గంటల దారి.

ఐసీయూ_సిస్టర్_హన్మకొండ
ముందు ఆ మూడు మాటలు కలిపి వినాలి: నేల మీద నిద్ర, రాత్రి, కారణం తెలియని కడుపునొప్పి. వానాకాలంలో ఈ మూడూ ఒక్కచోట కలిస్తే, కాదని తేలేదాకా కట్లపామే అనుకోవాలి. కట్లపాము కోరలు చిన్నవి, కాటు నొప్పి ఉండదు, వాపు రాదు. చాలామందికి కాటుతో నిద్రలోంచి మెలకువ కూడా రాదు. అందుకే గాటు కోసం వెతుకుతూ కూర్చుంటే టైం పోతుంది. వెతకండి, చెవి వెనక, జుట్టులో, వేళ్ల సందుల్లో చూడండి. దొరకలేదని మాత్రం కొట్టిపారేయొద్దు.

పరీక్షకు ఐదు నిమిషాలు చాలు, పరికరం అక్కర్లేదు.

కళ్లు: మీ వేలును నుదుటి కంటే పైన పట్టుకుని, తల కదలకుండా నిమిషం పాటు దాన్నే చూడమనండి. మామూలుగా చూస్తే కళ్లు బాగానే తెరుచుకుంటాయి. నిమిషం చూసేసరికి రెప్పలు అలిసిపోయి జారతాయి. తొలి గుర్తు అదే. ఒక వస్తువు రెండుగా కనబడుతోందా అని కూడా అడగండి.

నోరు: నాలుక పళ్లు దాటి బయటికి పెట్టగలుగుతున్నారా, నోరు పూర్తిగా తెరుస్తున్నారా, మాట ముక్కుతో వస్తోందా చూడండి. ఒక్క గుటక కూడా నీళ్లు తాగించి పరీక్షించొద్దు. గొంతు కండరం పడిపోయి ఉంటే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మెడ: వెల్లకిలా పడుకోబెట్టి, దిండు మీంచి తల ఎత్తి ఐదు సెకన్లు ఆపమనండి. మెడ లేవకపోతే శ్వాస కండరాల వంతు దగ్గర్లో ఉందని అర్థం.

శ్వాస: గట్టిగా గాలి పీల్చి ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనండి. 20 దాకా పోలేకపోతే జాగ్రత్త. మొదటి సారి ఎంతవరకు పోయారో కాగితం మీద రాయండి, పావుగంటకోసారి మళ్లీ చేయించండి. 35 నుంచి 28కి, అక్కడి నుంచి 19కి దిగుతోందంటే, 19 అనే అంకె కంటే ఆ దిగడమే ముఖ్యం.

శాచురేషన్‌ను నమ్ముకోవద్దు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, వాటిని ఆడించే కండరం ఆగిపోతోంది. ఆక్సిజన్ పెట్టి ఉంటే మీటర్ 97 చూపిస్తూనే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూనే ఉంటుంది. మీటర్‌లో అంకె పడేసరికి బాగా ఆలస్యమైనట్టే.

ల్యాబ్_మహబూబాబాద్
రక్తం గడ్డకడుతుందా అని చూసే ఇరవై నిమిషాల రక్తపరీక్ష గురించి ఒక మాట. కట్లపాము, నాగుపాము కాటుకు రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. "గడ్డకట్టింది, విషం లేదు" అని రాసి పంపిన రిఫరల్ చీటీ ఇలాంటి పేషెంట్‌కు ప్రమాదం. ఆ పరీక్ష రక్తపింజరి, చిన్నపింజరి కోసం.

అయినా చెయ్యాల్సిందే, ఎందుకంటే కరిచింది ఏదో తెలియదు. రక్తపింజరి కాటుకు కూడా ఒక్కోసారి రెప్పలు వాలతాయి. పద్ధతి: 2 మి.లీ. సిర రక్తం, కొత్త, పొడి గాజు ట్యూబులో, కదపకుండా ఇరవై నిమిషాలు, తర్వాత ఒక్కసారే వంచి చూడాలి. తప్పులు జరిగేది రెండుచోట్ల. ఒకటి, ప్లాస్టిక్ ట్యూబు. రక్తం గడ్డకట్టడం గాజు తగిలితేనే సరిగా మొదలవుతుంది, ప్లాస్టిక్‌లో మంచి రక్తం కూడా పలచగా ఉండిపోవచ్చు. రెండోది, సబ్బుతో కడిగిన పాత ట్యూబు. అదీ అలాగే మోసం చేస్తుంది. అనుమానం ఉంటే పక్కనే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం 2 మి.లీ. అదే రకం ట్యూబులో పెట్టండి. అది కూడా గడ్డకట్టకపోతే తప్పు ట్యూబుది.

మెడికల్_ఆఫీసర్_భూపాలపల్లి
సిస్టర్ చెప్పిన పరీక్ష సరిపోతుంది. నేను మందు గురించి చెబుతాను.

రెప్పలు వాలడం మొదలైతే పాము విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ ఇవ్వాలి. కడుపునొప్పి ఒక్కటే ఉంటే ఇవ్వకూడదు. సిరలో లైన్ పెట్టి, 24 గంటలు కళ్లూ మెడా చూస్తూ ఉంచాలి. మొదటి గంటలో బాగున్నాడని ఇంటికి పంపితే, ఇంట్లో నిద్రపోయాడనుకున్న మనిషి లేవడు.

కట్లపాము విషం నరం చివరనే దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ తగిలాక ఏఎస్‌వీ దాన్ని వెనక్కి తేలేదు. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అందుకే గంట ముందు ఇచ్చిన పది వయల్స్‌కు ఉన్న విలువ, గంట తర్వాత ఇచ్చిన ఇరవైకి లేదు.

మోతాదు 10 వయల్స్. పిల్లలకూ అంతే, గర్భిణికీ అంతే. పాము పిల్లవాడిని చూసి తక్కువ విషం వదలదు కదా. టెస్ట్ డోస్ వద్దు. రియాక్షన్ వస్తుందో రాదో అది చెప్పలేదు, టైం మాత్రం తింటుంది. పొడి మందైతే ఒక్కో వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ వేసి, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. గిలక్కొడితే నురగ వస్తుంది, ఆ నురగ తగ్గేదాకా ఆగాల్సి వస్తుంది. ఇద్దరు కూర్చుంటే పని త్వరగా అవుతుంది. పది వయల్స్ కలిపితే 100 మి.లీ. 500 సెలైన్ బాటిల్లోంచి 300 తీసేసి ఇది కలిపితే మొత్తం 300 అవుతుంది. మి.లీ.కు 20 చుక్కల సెట్ మీద గంటలో పోవాలంటే నిమిషానికి 100 చుక్కలు. మొదటి పది, పదిహేను నిమిషాలు మాత్రం నెమ్మదిగా పెట్టి పక్కనే నిలబడాలి. చిన్న పిల్లలకు వయల్స్ తగ్గించం, సెలైన్ తగ్గిస్తాం: కిలోకు 5 నుంచి 10 మి.లీ. లెక్కన.

నర్సంపేట_స్టాఫ్
సార్, ఏఎస్‌వీ అంటే మా దగ్గర సిస్టర్లకు భయం రియాక్షన్ వల్లనే. "ఇక్కడ షాక్‌లోకి పోతే ఎవరు చూస్తరు" అని ముట్టకుండ పంపేస్తరు. దాని సంగతి కూడ రాయండి.

మెడికల్_ఆఫీసర్_భూపాలపల్లి
భయం న్యాయమైనదే. మన పాలీవేలెంట్ (పలు రకాల పాములకు ఒక్కటే పనిచేసే) మందు గుర్రం సీరం నుంచి వస్తుంది, రియాక్షన్లు అరుదు కాదు. కానీ రియాక్షన్‌ను ఆపే అడ్రినలిన్ ఇంజెక్షన్ తెలిసిన నర్సుకు అది చేతిలో పనే.

డ్రిప్ మొదలుపెట్టే ముందే 1 మి.లీ. సిరంజిలో అడ్రినలిన్ 0.5 మి.లీ. తీసి ట్రేలో పెట్టండి. మన యాంపిల్ 1 మి.లీ.లో 1 మి.గ్రా., అంటే తీసింది 0.5 మి.గ్రా. పిల్లలకు కిలోకు 0.01 మి.లీ. చొప్పున, పది కిలోల బిడ్డకు 0.1 మి.లీ. ఇన్సులిన్ సిరంజి వాడకండి, సూది పొట్టిది, కండరం దాకా పోదు.

దద్దుర్లు, దురద, దగ్గు, వాంతి, చలి వణుకు, బీపీ పడటం, వీటిలో ఏది కనబడినా ముందు డ్రిప్ ఆపాలి. అడ్రినలిన్ తొడ బయటి వైపు కండరంలోకి. తగ్గకపోతే 5 నుంచి 10 నిమిషాల్లో మళ్లీ. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా., ఏవిల్ లాంటి అలర్జీ మందులు తర్వాత. ముందు అవి ఇచ్చి అడ్రినలిన్ కోసం ఆలోచిస్తూ కూర్చోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. మనిషి కుదుటపడ్డాక అదే ఏఎస్‌వీ మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టాలి. రియాక్షన్ వచ్చిందని మిగిలిన ఏడు వయల్స్ పక్కన పడేస్తే, విషం లోపలే ఉంది, రియాక్షన్ మాత్రం మిగిలింది.

ట్యూటర్_కరీంనగర్
నియోస్టిగ్మిన్ (పడిపోయిన కండరాలకు బలం తెచ్చే మందు) ఎవరూ ఎత్తలేదు. అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఐవీ (సిరలోకి), వెంటనే నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. మన యాంపిల్ 1 మి.లీ.లో 0.5 మి.గ్రా. ఉంటే మూడు యాంపిల్స్. బలం వేరే ఉండే వయల్స్ కూడా వస్తాయి, పైన చదవకుండా లాగొద్దు. పాము ఏదో తెలియనప్పుడు ఇది ఇచ్చి చూడాలని విద్యార్థులకు నేర్పిస్తున్నాం.

ఐసీయూ_సిస్టర్_హన్మకొండ
మేడం, నాగుపాము అయితే ఒప్పుకుంటా. దాని విషం కండరం వైపు తాళం వేస్తుంది, నియోస్టిగ్మిన్‌తో అది తెరుచుకునే అవకాశం ఉంది. కాటు దగ్గర నొప్పి, వాపు, నల్లబడటం ఉండి రెప్పలు వాలితే తప్పకుండా ఇవ్వండి. నేల మీద నిద్ర, గాటు లేదు, వాపు లేదు అన్నప్పుడు అది ఇచ్చి అరగంట ఎదురుచూస్తే పోయేది ఏఎస్‌వీ టైం. పైగా నోట్లో ఊట పెరుగుతుంది, మింగలేని మనిషికి అది ఇంకో తలనొప్పి.

ట్యూటర్_కరీంనగర్
ఎదురుచూడమని నేనూ అనలేదు. ఏఎస్‌వీ ఒక చేతికి పోతూ ఉండాలి, ఇది రెండో చేతికి. అట్రోపిన్ ముందు ఇస్తే ఊట సమస్య అంతగా రాదు. ఇచ్చే ముందు రెండు రెప్పల మధ్య ఎంత తెరుచుకుందో స్కేలుతో మి.మీ.లలో రాయండి, పది నిమిషాలకోసారి గంట దాకా కొలవండి. మెరుగైతే 0.5 మి.గ్రా. అరగంటకోసారి, ప్రతిసారీ అట్రోపిన్‌తో. మూడు డోసులకూ కదలకపోతే ఆపేయాలి. పక్కాగా కట్లపామే అని తెలిస్తే మొదలే పెట్టొద్దు, అక్కడ మీ మాటే నా మాట.

మెడికల్_ఆఫీసర్_భూపాలపల్లి
నా ఓటు సిస్టర్‌కే. ఇద్దరు ఉన్న రాత్రి డ్యూటీలో స్కేలు పట్టుకునే చెయ్యి అంబు బ్యాగ్ (చేత్తో పిసికి శ్వాస ఇచ్చే సంచి) పట్టుకోవాల్సి రావచ్చు. మనుషులు సరిపడా ఉన్న పెద్ద ఆరోగ్యకేంద్రం, అంటే సీహెచ్‌సీలో మేడం పద్ధతి బాగుంటుంది.

పల్లెదవాఖాన_తాడ్వాయి
బాగుంది. ఇంకో చిక్కు. పత్తికి మందు కొట్టే సీజన్, కట్లపాము సీజన్ ఒక్కటే. పురుగుమందు తాగినోళ్లు చెప్పరు, ఇంటోళ్లు దాస్తరు. వాంతి, కడుపునొప్పి, నీరసం రెంటికీ ఉంటది. ఎట్ల విడదీయాలె?

ఐసీయూ_సిస్టర్_హన్మకొండ
కంటిపాప, చెమట, ఛాతీ. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే పాప సూదిమొనంత చిన్నగా, ఒళ్లంతా చెమట, నోట్లో నురగ, ఛాతీలో గరగర, పల్స్ నెమ్మది, కండరాలు చర్మం కింద పాకినట్టు అదురుతాయి. వాసన సరేసరి. కట్లపాములో పాప చిన్నది కాదు, పెద్దదై వెలుగుకు కదలకపోవచ్చు కూడా. నోట్లో ఉమ్మి చేరుతుంది, కానీ అది ఎక్కువ ఊరి కాదు, మింగలేక.

పురుగుమందు అని తేలితే అట్రోపిన్ 1.8 నుంచి 3 మి.గ్రా., అంటే 0.6 యాంపిల్స్ మూడు నుంచి ఐదు, ఒకేసారి ఐవీ. ఐదు నిమిషాలకు ఛాతీ వినాలి. గరగర అలాగే ఉంటే రెట్టింపు, మళ్లీ ఐదు నిమిషాలకు దానికి రెట్టింపు. ఛాతీ శుభ్రం, పల్స్ 80 పైన, పై బీపీ 80 పైన, ఇవి వచ్చేదాకా. పాప పెద్దదైందా లేదా అన్నది లక్ష్యం కాదు. తర్వాత మొత్తం ఎంత పట్టిందో లెక్కేసి అందులో 10 నుంచి 20 శాతం గంటకు డ్రిప్‌లో. ఈ మనిషికి నియోస్టిగ్మిన్ పొరపాటున ఇస్తే విషం మీద విషం పోసినట్టే, ఆ మందు చేసేదీ పురుగుమందు చేసేదీ ఒకే పని. నియోస్టిగ్మిన్ విషయంలో నా మొండితనానికి ఇంకో కారణం ఇదే.

ఒక మెలిక: పురుగుమందు తాగి తేరుకున్న మనిషి రెండో రోజు, మూడో రోజు మెడ ఎత్తలేకపోతే అది పాము కాదు, పురుగుమందు తర్వాత వచ్చే కండర బలహీనతే. దానికి అట్రోపిన్ పెంచితే ఉపయోగం లేదు, శ్వాస సాయం కావాలి.

ఇంకా రెండు: కాళ్ల నుంచి పైకి ఎక్కుతూ వచ్చే బలహీనత గిలియన్ బారే అనే నరాల జబ్బు వైపు, కళ్ల నుంచి కిందికి దిగేది పాము వైపు. ఇక వయసు పిల్ల కళ్లు తెరవక, మాట్లాడక వస్తే "నాటకం", "గాలి సోకింది" అని రాసేముందు దయచేసి మెడ ఎత్తించి చూడండి.

ఈఎంటీ_మంగపేట
దారి సంగతి నేను చెప్తా. ఇక్కడ ఎక్కువ ప్రాణాలు పోయేది దారిలనే.

బండి ఎక్కేముందు అడగాల్సింది ఒకటే: దారిల శ్వాస ఆగితే ఎవరు బ్యాగ్ పిసుకుతరు? ఒక్కడు మాస్క్ రెండు చేతులతో బిగించాలె, ఇంకొకడు పిసకాలె. ఒక్కడే అయితే గాలి పక్కలకు పోతది. అందుకే పీహెచ్‌సీ నుంచి సిస్టర్ ఎక్కాలె, లేకుంటే చుట్టాలల్ల ధైర్యమున్నోనికి బ్యాగ్ పిసుకుడు అక్కడనే నేర్పాలె. పెద్దోళ్లకు ఆరు సెకన్లకొకటి, పిల్లలకు మూడు సెకన్లకొకటి, ఛాతీ లేసేటంతే. ఎక్కువ పిసికితే గాలి కడుపులోకి పోయి వాంతి అయితది. శ్వాస బాగుండి మింగలేకపోతే ఎడమ పక్కకు పండబెట్టాలె, నోట్లెది లాగే సక్షన్ చేతికందేటట్టు ఉండాలె.

ఆక్సిజన్ లెక్క: బి టైప్ సిలిండర్ నిండుగ ఉంటే దగ్గరదగ్గర 1500 లీటర్లు. నిమిషానికి 10 పెడితే 150 నిమిషాలు. ఏటూరునాగారం దాటి అవతలి నుంచి ఎంజీఎం దాక వర్షంల అది అంచులకు వస్తది. ఇక్కడ ఊపిరితిత్తులు మంచిగనే ఉన్నయి కాబట్టి 4, 5 లీటర్లు చాలు. సిలిండర్ అయిపోయినా బ్యాగ్ మాత్రం ఆపొద్దు, మామూలు గాలితోని కూడ మనిషిని బతికించొచ్చు.

ఐసీయూ_సిస్టర్_హన్మకొండ
అన్న చెప్పిన చివరి మాటకు ఇది కలుపుకోండి. కట్లపాము పేషెంట్ కళ్లు మూసుకుని, పాపలు పెద్దవై, వేలు కూడా కదలక పడి ఉంటే చచ్చిపోయాడని చుట్టాలు ఏడుస్తారు, కొన్నిసార్లు సిబ్బంది కూడా చేతులెత్తేస్తారు. ఆక్సిజన్ అందుతూ ఉంటే అతనికి తెలివి ఉంటుంది, అన్నీ వినబడతాయి. పల్స్ ఉన్నంతసేపు బ్యాగ్ నడవాలి. పేరు పెట్టి పిలిచి, "నీకు శ్వాస మేమిస్తున్నం, ఆస్పత్రికి పోతున్నం" అని చెబుతూ ఉండండి. వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఉంచితే నరం చివర మళ్లీ చిగురిస్తుంది.

నర్సంపేట_స్టాఫ్
అసలు ప్రశ్న మిగిలింది. ఇదంతా చెయ్యడానికి మనకు అధికారం ఉందా?

ట్యూటర్_కరీంనగర్
సొంతంగా మందు రాసే అధికారం మన దేశంలో నర్సులందరికీ ఉన్నది కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టింది, దానిలో చదివినవాళ్లూ రాసిపెట్టిన ప్రోటోకాల్, స్టాండింగ్ ఆర్డర్ల (డాక్టర్ ముందే రాసిచ్చిన ఆదేశాల) కిందే చేస్తారు. ప్రసవాల వైపు కరీంనగర్‌లో 2017లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ చూశాం కదా, అక్కడా అంతే: ఏది నీది, ఏ గీత దాటితే డాక్టర్ది అన్నది ముందే రాసి ఉంటుంది. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, కానీ రాత్రి మూడింటికి మీ గోడ మీద ఉన్న కాగితమే మీకు రక్ష.

కాబట్టి పాము కాటుకు, రియాక్షన్‌కు, పురుగుమందుకు మీ మెడికల్ ఆఫీసర్ సంతకంతో స్టాండింగ్ ఆర్డర్ రాయించుకోండి. పరీక్ష చేయడం, లైన్, రక్తపరీక్ష, ఆక్సిజన్, అంబు, రియాక్షన్‌కు అడ్రినలిన్ మీరే. ఏఎస్‌వీకి ఫోన్లో ఆర్డర్. విన్నది తిరిగి చదివి వినిపించి, టైం, డాక్టర్ పేరు కేస్ షీట్‌లో రాయాలి. "సార్, ఒకసారి చూడండి" అని ఫోన్ చేస్తే ఆర్డర్ రాదు. "35 ఏళ్ల మనిషి, నేల మీద నిద్ర, మూడింటికి కడుపునొప్పి, నాలుగింటికి రెండు రెప్పలు వాలినయి, ఒక్క గుక్కలో 22, ఏఎస్‌వీ 10 మొదలుపెట్టమంటారా" అని అడిగితే నిమిషంలో వస్తుంది.

మెడికల్_ఆఫీసర్_భూపాలపల్లి
నిద్రలో ఉన్న డాక్టర్ తరఫున ఆ చివరి వాక్యానికి దండం.

రిఫరల్ చీటీలో ఇవి ఉండాలి: లక్షణం మొదలైన టైం, మొదటి పరీక్షలో రెప్పలు, మెడ, గుక్క లెక్క, ఏఎస్‌వీ ఎన్ని వయల్స్, బ్యాచ్ నంబర్, మొదలు, ముగింపు, రియాక్షన్ వచ్చిందా, నియోస్టిగ్మిన్ ఇచ్చారా, రక్తపరీక్ష ఫలితం. ఏఎస్‌వీ ఇచ్చిన సంగతి రాయకపోతే అక్కడ మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది. నరాల విషానికి గంట రెండు గంటల్లో మెరుగు లేకపోతే ఇంకో పది, మొత్తం 20 దాటి ఇవ్వం.

నర్సంపేట_స్టాఫ్
తాడు కట్టుకొని వస్తరు కదా, అది ఎప్పుడు ఇప్పాలె?

ఐసీయూ_సిస్టర్_హన్మకొండ
వచ్చీరాగానే సర్రున ఇప్పేయొద్దు. లైన్ పెట్టి, విషం గుర్తులుంటే ఏఎస్‌వీ పోతుండగా, అడ్రినలిన్, అంబు పక్కన పెట్టుకుని నెమ్మదిగా వదలండి. కట్టుకు కింద పల్స్ లేకపోతే ఇంకా జాగ్రత్త, వదిలిన వెంటనే శ్వాస పడిపోవచ్చు. మూడు నాలుగు చోట్ల కట్టి ఉంటే ఒంటికి దగ్గర ఉన్నది చివరికి. టీటీ ఇంజెక్షన్‌కు తొందర లేదు. పింజరి కాదని రక్తపరీక్ష చెప్పేదాకా కండరంలో సూది వద్దు, అడ్రినలిన్ తప్ప.

పల్లెదవాఖాన_తాడ్వాయి
ఆఖరిది. మా ఫ్రిజ్ కరెంటు పోతే గంటలకొద్దీ ఆగుతది. ఏఎస్‌వీ చెడిపోతదా?

ల్యాబ్_మహబూబాబాద్
ద్రవం రూపంలో ఉన్నదైతే 2 నుంచి 8 డిగ్రీల్లోనే ఉండాలి, గడ్డకట్టకూడదు. పొడి రకం మీకు నయం, ఫ్రిజ్ బయట కూడా నిలుస్తుంది, ఎంత వేడి దాకా అన్నది లేబుల్ మీద చూడండి. ఇండెంట్ (మందులు కావాలని పంపే చీటీ) పెట్టేటప్పుడు పొడి రకమే కావాలని రాయండి. కలిపాక మడ్డిగా ఉంటే, పలుకులు తేలితే వాడొద్దు. కలిపింది దాచిపెట్టొద్దు. గాజు ట్యూబులు కూడా అదే ఇండెంట్‌లో అడగండి, ఏఎస్‌వీ పెట్టెలోనే ఐదారు పొడిగా పెట్టి ఉంచితే రాత్రి వెతుక్కోవాల్సిన పని ఉండదు.